మందుకు మందా? వ్యసనపరులకు ఇంటిపట్టున వైద్యము

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి, యువజన సమాజ సభ్యులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో గడచిన కాలమును గూర్చి మాట్లాడుట వాడుక. కట్టిన దేవాలయములు, పెట్టిన బడులు, నడిపిన ఆస్పత్రులు, వీటిని గూర్చి చెప్పుటకు మాకంటె అర్హులు ఈ వేదిక మీదనే ఉన్నారు. మాకు అప్పగించిన విషయము వేరు. మత్తుమందులకు లోబడిన మనిషిని ఎక్కడో గదిలో పెట్టి తాళము వేయకుండ, ఇంటివద్దనే ఉంచి, రోజూ ఒక మాత్ర ఇచ్చి చేయు వైద్యము గురించి మేము నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

మన భాషలో ఒక చిత్రము ఉన్నది. జ్వరము వస్తే వేసుకొనేది మందు. సాయంత్రము దుకాణము దగ్గర నిలబడి తాగేదీ మందే. నల్లమందు మందే, పురుగులమందూ మందే. బ్రదికించేదానికీ చంపేదానికీ ఒకే పేరు పెట్టుకొన్న వారము మనము. అందుచేత "అబ్బాయి మత్తుమందు మానడానికి డాక్టరుగారు మందు ఇస్తున్నారు" అని ఏ తల్లియైనా చెప్పిన వెంటనే, వినేవారి నోట వచ్చే మొదటి మాట "మందుకు మందా అమ్మా?" అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాని దానికి సంఘములో దొరికే జవాబును బట్టి ఆ అబ్బాయి మరుసటి దినము మాత్ర వేసుకొంటాడో, పారవేస్తాడో తేలిపోతుంది. పారవేస్తే ఏమగునో మీరు వినవలెను.

మొదట ఒక హద్దు గీసుకొందము. వ్యసనములన్నిటికీ ఈ వైద్యము లేదు. గంజాయికి ఇటువంటి మాత్ర ఏదియు లేదు. సారాకు వాడే మందులు వేరు. మేము చెప్పబోయేది నల్లమందు జాతికి చెందిన మత్తును గురించి. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, దాని మురికి రూపమైన బ్రౌన్ షుగర్, కొడీన్ కలిసిన దగ్గుమందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, ఇవన్నీ ఒకే కుటుంబము. ఈ ట్రమడాల్ ఒకప్పుడు మందులషాపులో చీటీ లేకుండ చేతికి వచ్చేది. 2018లో ప్రభుత్వము దానిని మాదకద్రవ్యముల చట్టము కిందికి తెచ్చినది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు కేంద్ర ప్రభుత్వము కొరకు జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము, మన దేశములో ఈ జాతి మత్తు వాడేవారు సుమారు 2 కోట్ల 26 లక్షలు. వారిలో వైద్య సహాయము అవసరమైన స్థితికి చేరినవారు దాదాపు 77 లక్షలు. ఇది ఎక్కడో అమెరికాలోని బాధ కాదని చెప్పుటకే ఈ లెక్క.

ఈ మత్తు శరీరములో ఏమి చేయునో తెలిస్తే గాని వైద్యము అర్థము కాదు. మన మెదడులో తాళపు రంధ్రముల వంటి స్థానములు ఉన్నవి. నొప్పిని, భయమును అణచుటకు శరీరము తానే తయారుచేసుకొనే పదార్థములు అక్కడికి చేరుతవి. హెరాయిన్ ఆ రంధ్రములలో దొంగ తాళపుచెవి వలె దూరి పూర్తిగా తిరుగుతుంది. మొదట్లో సుఖము. కొన్నాళ్లకు శరీరము తన సొంత సరుకు తయారు చేయుట తగ్గించుకొంటుంది. ఆ తరువాత మనిషి సుఖము కొరకు వాడడు, బాధ తప్పించుకొనుట కొరకు వాడతాడు. కొన్ని గంటలు గడిస్తే చాలు, ఆవులింతలు, ముక్కు కారుట, ఒళ్ళు గగుర్పొడుచుట, కడుపులో మెలి, విరేచనములు, ఎముకలలో నొప్పి, నిద్రలేమి మొదలవుతవి. ఇంట్లో పెండ్లాము పుస్తె ఎందుకు మాయమైనదో, కొడుకు తండ్రి జేబులో చేయి ఎందుకు పెట్టినాడో అప్పుడు తెలుస్తుంది. ఆ గంటలో అతడు చెడ్డవాడు కావలెనని కోరుకొనుట లేదు. నీటిలో మునిగేవాడు గాలి కోరినట్లు ఆ మందును కోరుతున్నాడు.

పాత పద్ధతి ఒకటే. పట్టుకొని, గదిలో పెట్టి, పది పదిహేను దినములు ఆ బాధను ఓర్పించి, "శుద్ధి అయినాడు" అని ఇంటికి పంపుట. అమెరికా ప్రభుత్వము 1935లో కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టన్ అనే పట్టణము వద్ద ఇందుకొరకే పొలములతో కూడిన పెద్ద ఆస్పత్రిని తెరిచినది. అది సగము జైలు, సగము ఆస్పత్రి. అక్కడ మంచి గాలి, కాయకష్టము, వైద్యులు, అన్నీ ఉన్నవి. అయినను బయటికి వెళ్లినవారిలో అత్యధికులు మరల మత్తులోనే పడినారని తరువాతి పరిశీలనలు చెప్పినవి.

పడిపోవుట ఒక్కటే అయితే మరల లేపవచ్చును. ఇక్కడొక ఘోరము ఉన్నది, దానిని సంఘ పెద్దలందరు గుర్తు పెట్టుకొనవలెను. నెలరోజులు మానిన శరీరము పాత మోతాదుకు తట్టుకొనే శక్తిని పోగొట్టుకొంటుంది. మనస్సు మాత్రము పాత మోతాదునే జ్ఞాపకము ఉంచుకొంటుంది. క్యాంపు నుండి, జైలు నుండి, ఆస్పత్రి నుండి శుభ్రముగా బయటికి వచ్చినవాడు ఒక బలహీన క్షణమున మునుపు వాడినంతే వాడితే, శ్వాస ఆగిపోతుంది. అనగా మనము "బాగుపడినాడు" అని దండ వేసి, సాక్ష్యము చెప్పించి, చప్పట్లు కొట్టే వారమే అతని జీవితములో అన్నిటికంటె ప్రమాదకరమైన వారము.

ఈ సంగతిని దగ్గరనుండి చూసినవారిలో మేరీ నిస్వాండర్ అనే వైద్యురాలు ఒకరు. ఆమె లెక్సింగ్టన్‌లో కొంతకాలము పని చేసి, తరువాత న్యూయార్కులో వ్యసనపరులకు వైద్యము చేసేవారు. 1964లో ఆమె రాక్‌ఫెల్లర్ సంస్థలోని డాక్టర్ విన్సెంట్ డోల్‌తో కలిసి ఒక కొత్త ప్రయత్నము మొదలుపెట్టినారు. హెరాయిన్ కొద్ది గంటలలో దిగిపోతుంది. మెథడోన్ అనే మందు అదే జాతిది అయినను, నోటి ద్వారా ఒక్కసారి ఇస్తే దాదాపు రోజంతా నిలుస్తుంది. ఎక్కుట లేదు, దిగుట లేదు. ఒంటిలో ఆ వెలితి తీరేసరికి రోగులు గడియారము చూచుట మాని చదువులు, ఉద్యోగములు అడగసాగినారు. 22 మంది రోగుల అనుభవమును వారు 1965లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించినారు. చక్కెరవ్యాధి గలవానికి ఇన్సులిన్ ఎటువంటిదో, వీరికి ఈ మందు అటువంటిదని వారి వాదము.

మన దేశములో ఇప్పుడు ఎక్కువగా వాడే మందు మరొకటి. దాని పేరు బ్యూప్రినార్ఫిన్. ఇది 1960ల నడుమ ఇంగ్లండులో పుట్టినది. దీని గుణము చిత్రమైనది. తాళపు రంధ్రములో గట్టిగా దూరుతుంది గాని, సగము మాత్రమే తిరుగుతుంది. సగము తిరిగినందువలన ఒంటి బాధ తీరుతుంది. పూర్తిగా తిరగనందువలన ఒక మితిని దాటి మత్తు ఎక్కదు, శ్వాస మీద దెబ్బ కూడ అంత పడదు. రంధ్రమును గట్టిగా పట్టుకొని ఉన్నందువలన, పైన హెరాయిన్ వాడినా అది దూరుటకు చోటు దొరకదు. మాత్రను మింగరాదు, నాలుక కింద పెట్టుకొని కరగనీయవలెను. దీనిని కరగదీసి సూదిమందుగా ఎక్కించుకొనకుండ నలాక్సోన్ అనే మరొక మందును కలిపి మాత్ర చేస్తారు. నాలుక కింద ఆ నలాక్సోన్ ఏమియు చేయదు. సూదితో ఎక్కించుకొంటే మాత్రము ఒళ్ళంతా ఆ పాత బాధ ఒక్కసారిగా లేస్తుంది.

మొదటి మాత్ర ఇచ్చుటకు ఒక నియమము ఉన్నది. ఒంట్లో హెరాయిన్ నిండుగా ఉండగా ఇస్తే బాధ తగ్గకపోగా పెరుగుతుంది. బాధ మొదలైన తరువాతనే వైద్యుని ఎదుట మొదలు పెట్టవలెను. కాబట్టి పక్కింటివాని దగ్గర నుండి ఒక మాత్ర తెచ్చి మన పిల్లవానికి వేయుట ఎవరును చేయరాదు.

ఈ వైద్యము ఫలించునా అని అడిగితే, ఒక్క పరిశోధన చెప్పి ఊరుకొందుము. 2003లో స్వీడన్ దేశపు వైద్యులు లాన్సెట్ పత్రికలో ప్రకటించినది. నలభై మంది హెరాయిన్ వ్యసనపరులను రెండు భాగములు చేసినారు. ఇరవై మందికి ఏడాది పొడుగున రోజూ బ్యూప్రినార్ఫిన్. మిగిలిన ఇరవై మందికి కొద్ది దినములలో ఆ మందును తగ్గించి, ఆపివేసి, అటు తరువాత మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చినారు. హితబోధ, కౌన్సిలింగ్, కూటములు ఇరువురికీ సమానమే. ఏడాది తిరిగేసరికి మందు ఉన్న గుంపులో నూటికి డెబ్బది ఐదుగురు వైద్యములో నిలిచి ఉన్నారు, చనిపోయినవారు లేరు. మందు లేని గుంపులో ఒక్కరును నిలువలేదు, నలుగురు చనిపోయినారు. ఇరవై మందిలో నలుగురు!

అయ్యలారా, అమ్మలారా, ఈ లెక్క మన వంటి బోధకులకు చాల అవసరము. ఆ ఇరవై మందికి మంచి మాటలు కరువు కాలేదు. మాటలు నిలుచుటకు కావలసిన పునాది వారి ఒంటిలో లేకపోయినది. మాట అక్కరలేదని దీని అర్థము కాదు. వణికేవానికి ముందు దుప్పటి కప్పి తరువాత మాట్లాడవలెనని అర్థము.

పెద్దసంఖ్యలోను ఇదే కనబడినది. ఫ్రాన్సు దేశము 1995 ప్రాంతమున సాధారణ వైద్యులు సహితము ఈ మందు వ్రాయవచ్చునని అనుమతించినది. 1999 నాటికి అక్కడ మోతాదు మించి చనిపోయేవారి సంఖ్య దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గినది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్షలో లక్షకు పైగా రోగుల వివరములు పరిశీలించినారు. మెథడోన్ వైద్యములో ఉన్నవారిలో ఏడాదికి వెయ్యింట సుమారు పదకొండుగురు చనిపోతే, అదే మనుష్యులు వైద్యము విడిచిన కాలములో వెయ్యింట ముప్పది ఆరుగురు చనిపోయినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందులను అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చినది.

ఇక ఇంటిపట్టు సంగతి. "ఇంట్లో ఉంచితే మరల ఆ స్నేహితుల దగ్గరికే పోతాడు గదా, దూరముగా పెట్టరాదా?" అని పెద్దలు అడుగుతారు. ఈ ప్రశ్న మన తాతలు క్షయవ్యాధిని గురించి అడిగినదే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము మనలో చాలామందికి తెలిసిన పేరు. పలు మిషనులు కలిసి 1915లో తెరిచిన క్షయ శానటోరియము అది. కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి. నెలల తరబడి ఇల్లు విడిచి ఉండుట. ఆ దినములలో అంతకంటె మార్గము లేదు. ఆ సేవను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. తరువాత మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో పరిశోధన మొదలుపెట్టి, కొందరు రోగులను శానటోరియములోను, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోను ఉంచి ఒకే మందులు ఇచ్చి చూచినారు. ఇంట్లో ఉన్నవారు శానటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగా బాగుపడినారని, ఇంటివారికి అంటుట కూడ అందువలన పెరగలేదని 1959లో తేలినది. ప్రపంచమంతట క్షయ వైద్యము ఆస్పత్రి మంచము మీదినుండి ఇంటి గుమ్మములోనికి వచ్చినది ఆ మద్రాసు పరిశోధన తరువాతనే. నర్సు ఎదుట మాత్ర వేసుకొని పనికి పోయే పద్ధతి మనకు కొత్త కాదు. ఈ వైద్యమును కూడ అదే తీరున నడుపుతారు. ఉదయము కేంద్రమునకు వచ్చి, నర్సు చూస్తుండగా నాలుక కింద మాత్ర పెట్టుకొని, అది కరిగినదాకా కూర్చుండి, తరువాత పొలానికో, ఆటో తోలుటకో, కూలికో పోవచ్చును. పెండ్లాము బిడ్డలతోనే అన్నము తింటాడు. బాగుపడుట నేర్చుకొనవలసినది ఆ ఇంటిలోనే, ఆ వీధిలోనే గనుక, అక్కడనే నేర్చుకొంటాడు.

మన దేశములో ఈ వైద్యము పెరిగినది ముఖ్యముగా సూదుల ద్వారా హెచ్.ఐ.వి. వ్యాపిస్తున్నదన్న భయముతో. ఈశాన్య రాష్ట్రములైన మణిపూర్, నాగాలాండ్‌లలో ఒకే సూదిని పలువురు వాడుట వలన ఆ వ్యాధి ఇల్లిల్లు పాడు చేసినది. అక్కడ ఈ మాత్ర ఇచ్చే కేంద్రములను నడుపుటలో ఇమ్మాన్యుయేల్ హాస్పిటల్ అసోసియేషన్ అనే క్రైస్తవ వైద్యసంస్థ ముందు వరుసలో నిలిచినది. 2007-08 నుండి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమము దీనిని తన పనులలో చేర్చుకొన్నది. పంజాబులో హెరాయిన్‌ను "చిట్టా" అంటారు. అక్కడి ప్రభుత్వము 2017 అక్టోబరులో ఈ ఔట్‌పేషెంటు వైద్యమును జిల్లాలలో మొదలుపెట్టి, కొద్ది ఏండ్లలో ఐదు వందలకు పైగా కేంద్రములు తెరిచినది. 2020లో లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగినప్పుడు, రోజూ రాలేని రోగులకు కొన్ని దినములకు సరిపడా మాత్రలు ఇంటికి ఇచ్చి పంపినారు.

దీనిలో లోపములు లేవని మేము చెప్పము. మాత్రలు పక్కదారి పట్టి బజారులో అమ్ముడుపోయినవన్న ఆరోపణలు పంజాబులోనే వచ్చినవి. అందుకొరకు వేలిముద్రలు, రిజిస్టర్లు, కట్టుదిట్టములు పెట్టవలసి వచ్చినది. ఈ మాత్రకు కూడ శరీరము అలవాటు పడుతుంది, ఒక్కసారి ఆపితే బాధ ఉంటుంది. మలబద్ధకము, తలనొప్పి వంటివి కొందరికి వస్తవి. సారాతోనో, నిద్రమాత్రలతోనో కలిస్తే శ్వాసకు ప్రమాదము. పిల్లల చేతికి అందితే మరీ ప్రమాదము. ఈ సంగతులన్నీ దాచకుండ చెప్పినప్పుడే మనుష్యులు నమ్ముతారు.

మా తెలుగు జిల్లాలలో హెరాయిన్ ఎక్కడున్నది అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చును. తెలంగాణలో కల్లులో కలిపిన సంగతి మీరెరుగుదురు. ఈతచెట్టు కల్లు చాలక, ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మినారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీ కల్లు మీద దాడులు చేయగా, నిజామాబాదు, మెదకు, మహబూబ్‌నగరు ప్రాంతములలో ఆ కల్లుకు అలవాటు పడిన బీదవారు ఫిట్స్‌తోను, మతి చెదిరినట్లు మాటలతోను ఆస్పత్రుల పాలయినారు. ప్రాణములు కూడ పోయినవి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణములు మూతపడగా, హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రికి అదే తీరున జనము వచ్చినారు. ఆ మత్తు వేరు జాతిది, దాని వైద్యమూ వేరు. వైద్యుడు కొలిచిన మోతాదుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా తగ్గించుకొని వస్తాడు. అయితే రెంటిలో నేర్చుకొనవలసిన పాఠము ఒకటే. అలవాటు పడిన శరీరము నుండి మందును ఒక్క దెబ్బకు లాగివేయుట పరిశుద్ధత కాదు, ప్రాణాపాయము. అక్కడ కూడ ఆస్పత్రిలో డాక్టరుగారు చేసినది మందుకు మందే.

ఇక మన పెద్దల మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి ముగింతుము.

మొదటిది, ఒక బానిసత్వము మాని మరొక బానిసత్వమా? అలవాటు వేరు, బానిసత్వము వేరు. రక్తపోటు మాత్రకు మన తండ్రులు అలవాటు పడి ఉన్నారు. మాత్ర కొరకు ఎవరి ఇంటి తాళము పగలగొట్టలేదు. హెరాయిన్ కొరకు పుస్తె అమ్మినవాడు ఈ మాత్ర వేసుకొని సాయంత్రము కూలి డబ్బులు తెచ్చి ఆ పుస్తె విడిపిస్తే, దానిని బానిసత్వము అనుట న్యాయమేనా?

రెండవది, ఎన్నాళ్లు? నెలలు పట్టవచ్చును, ఏండ్లు పట్టవచ్చును. కొందరు మెల్లగా తగ్గించుకొని మానుతారు, కొందరు చాలకాలము వాడుతారు. ఆ నిర్ణయము రోగిది, వైద్యునిది. అత్తగారిది కాదు, సంఘ కార్యదర్శిది కాదు, గురువుగారిది అసలే కాదు.

మూడవది, అన్నిటికంటె సున్నితమైనది. ప్రార్థన చాలదా? మాత్ర వేసుకొనుట విశ్వాసలేమి కాదా? హిజ్కియా రాజు కథ ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసును. అతడు గోడవైపు తిరిగి ప్రార్థించినాడు, కన్నీరు కార్చినాడు, పదిహేను సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము పొందినాడు. ఆ వాగ్దానము తెచ్చిన యెషయా ప్రవక్తయే అత్తిపండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించినాడు. ప్రార్థన ఫలించిన తరువాత కూడ కట్టు కట్టవలసి వచ్చినది. ప్రవక్తకు లేని బిడియము మనకెందుకు?

కాబట్టి సంఘము చేయవలసిన పనులు పెద్దవి కావు. మొదటిది, మాత్ర మానమని ఎవరును ఎవరికిని చెప్పవద్దు. ఉపవాస కూటము పేరిట గాని, స్వస్థత సభ పేరిట గాని, మాత్రలను వేదిక మీద పారవేయించవద్దు. ఆ రాత్రి అతని ఒంటికి ఏమగునో ఈ సభలో ఇప్పుడే విన్నారు. రెండవది, వైద్యములో ఉన్నవానిని సాక్ష్యము చెప్పమని తొందర పెట్టవద్దు. అతనికి ఇప్పుడు కావలసినది చప్పట్లు కాదు, బస్సు చార్జీ. కేంద్రము దూరమైతే రోజూ వెళ్లి వచ్చుటకు కూలి పోతుంది. ఆ కూలి నష్టమునకు పరిచర్య నిధిలో ఒక పద్దు పెట్టుట మన చేతిలో ఉన్న పని. మూడవది, అతని భార్యను పలుకరించవలెను. ఆమె సంవత్సరముల తరబడి అబద్ధములు విన్నది, అప్పులవాండ్లకు జవాబు చెప్పినది. మాత్ర ఎక్కడ పెట్టవలెనో, పిల్లలకు అందకుండ ఎట్లు దాచవలెనో, అతడు కల్లుగాని నిద్రమాత్రలుగాని కలుపకుండ ఎట్లు చూడవలెనో స్త్రీల మైత్రివారు ఆమెతో కూర్చుండి మాట్లాడవచ్చును. నాలుగవది, పని. ఖాళీగా ఉన్న చేతులకు పాత వీధి దగ్గర. మన బడులలో, ఆస్పత్రులలో, తోటలలో ఒక మనిషికి పని చూపించలేని పాస్టరేటు లేదు. ఐదవది, అతడు మరల పడితే గుమ్మము మూయవద్దు. పడినవాడు తిరిగి వైద్యమునకు వచ్చుటకు మనలను దాటి రావలసిన పని లేకుండ చూడవలెను.

దారి తెలియని ఇంటివారికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నెంబరు 14446 చెప్పండి. అది వ్యసనవిముక్తి కొరకే పెట్టినది. నోటీసు బోర్డు మీద వ్రాసి పెట్టుటకు ఖర్చు లేదు. పోలీసులకు భయపడేవారికి ఇంకొక మాట. మాదకద్రవ్యముల చట్టములోనే, కొద్ది పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వము గుర్తించిన చోట వైద్యమునకు వస్తే అతనికి రక్షణ ఇచ్చే నిబంధన ఉన్నది. పూర్తి వివరము వకీలునడిగి తెలిసికొనవచ్చును.

ఈ నూరేండ్లలో మన పెద్దలు రోగిని చూచి పక్కకు తప్పుకొన్నవారు కారు. కుష్ఠురోగిని ముట్టుకొన్నారు, క్షయరోగి పక్కన కూర్చున్నారు. ఆ రోగములకు మాత్రలు వచ్చినప్పుడు, మాత్రలు విశ్వాసమునకు పోటీ అని వారనుకొనలేదు. పంచిపెట్టుటకు సైకిలెక్కి ఊరూర తిరిగినారు. వచ్చే ఆదివారము మీ సంఘములో వెనుక బెంచీ మీద ఒక యువకుడు నాలుక కింద మాత్ర పెట్టుకొని, అది కరిగినదాకా కీర్తన పాడలేక ఊరకున్నాడని మీకు తెలిస్తే, అతని పక్కన చోటు చేసికొని కూర్చుండుడని మా మనవి.